ఆట ఒకరిది.. పెట్టుబడి మరొకరిది

పోకర్ పందేల వెనుక నడిచే వాటాల లెక్క ఇదీ
నష్టం ఎవరి నెత్తిన పడుతుందన్నదే అసలు ప్రశ్న

అమెరికాలోని లాస్ వేగాస్ నగరంలో ఏటా జరిగే ప్రపంచ పోకర్ పోటీల్లో విజేత ముందు నోట్ల కట్టలు గుట్టగా పోసి ఫొటో తీయడం ఆనవాయితీ. చూసేవారు ఆ సొమ్మంతా అతడి ఇంటికే వెళుతుందని భావిస్తారు. వాస్తవం చాలాసార్లు వేరుగా ఉంటుంది. ఆ గుట్టలో సగం ఆటగాడికి ప్రవేశ రుసుము కట్టిన వ్యక్తిది కావచ్చు. మరికొంత తోటి ఆటగాళ్లది కావచ్చు. బల్ల ముందు కూర్చునేది ఒకరైతే, ఆ కుర్చీ వెనుక పెట్టుబడి పెట్టేవారు మరికొందరు ఉంటారు. ఆంగ్లంలో దీనిని స్టేకింగ్ అంటారు. సొమ్ము పెట్టే వ్యక్తిని బ్యాకర్ అని పిలుస్తారు.

మన పల్లెల్లో పొలం ఒకరిది, సేద్యం మరొకరిది అయిన పాలు పద్ధతి తెలిసినవారికి ఈ ఏర్పాటు అర్థం కావడం కష్టమేమీ కాదు. అయితే పొలంలో పంట కళ్లకు కనబడుతుంది. పేకముక్కల్లో కనబడేది మాటే. అందువల్ల ఇక్కడ ఒప్పందం ఎలా రాసుకున్నారు, నష్టం వస్తే ఎవరు భరిస్తారు అన్న రెండు అంశాలే అన్నింటికన్నా ముఖ్యమైనవి. ‘డబ్బు మేం పెడతాం, నువ్వు ఆడు’ అని ఎవరైనా కుర్రవాడిని పిలిచినా, ‘మా ఆటగాడిపై పెట్టుబడి పెట్టండి, లాభం ఇస్తాం’ అని ఎవరైనా ఇంటి గడప తొక్కినా ఈ లెక్క తెలిసి ఉండటం అవసరం.

వాటాల అవసరం ఎందుకు?

పోకర్ కూడా పేకాటే. మన ప్రాంతంలో మూడు ముక్కలాటగా పిలిచే ఆటకు ఇది దగ్గరి బంధువు. అయితే ఇందులో ముక్కల బలంతో పాటు ఎప్పుడు పందెం పెంచాలి, ఎప్పుడు ముక్కలు పడేసి తప్పుకోవాలి, ఎదుటివాడి మనసులో ఏముంది అన్న అంచనాకు ప్రాధాన్యం ఎక్కువ. అందరూ ఒకే రుసుము కట్టి, చివరి వరకు నిలిచినవారు బహుమతులు పంచుకునే పద్ధతిని టోర్నమెంటు అంటారు. ప్రపంచ పోటీలను 1970లో లాస్ వేగాస్‌లోని హార్స్‌షూ కాసినో యజమాని బెన్నీ బినియన్ ప్రారంభించారు. ప్రధాన పోటీ ప్రవేశ రుసుము 1972 నుంచి 10 వేల డాలర్లుగా కొనసాగుతోంది.

ఎంతటి నిపుణుడైనా ఇటువంటి పోటీల్లో ఎక్కువసార్లు రిక్త హస్తాలతోనే వెనుదిరుగుతాడు. పెద్ద టోర్నమెంట్లలో బహుమతి అందుకునేది సాధారణంగా నూటికి 10 నుంచి 15 మందే. అందులోనూ పెద్ద మొత్తం పైనున్న కొద్దిమందికే దక్కుతుంది. అంటే ఏడాది పొడవునా రుసుములు చెల్లిస్తూ పోయి, ఏదో ఒక్క రోజు వచ్చే పెద్ద గెలుపు కోసం ఎదురుచూడాలి. వరుసగా రెండు మూడేళ్లు వర్షాలు మోసం చేస్తే మెట్ట రైతు ఎలా చితికిపోతాడో, వరుసగా ముక్కలు మోసం చేస్తే మంచి ఆటగాడూ అలాగే చితికిపోతాడు. ఆట వచ్చినా చేతిలో డబ్బు ఉండదు. మరోవైపు డబ్బు ఉండి ఆట రానివారు, ఆడే తీరిక లేనివారు ఉంటారు. ఈ ఇద్దరి అవసరాల నుంచే పెట్టుబడి ఏర్పాటు పుట్టింది.

ఒక్క పోటీకి వాటా అమ్మకం

అన్నింటికన్నా సులువైనది ఒక్క పోటీకి వాటాలు అమ్ముకోవడం. 10 వేల డాలర్ల పోటీకి వెళ్లదలచిన ఆటగాడు తన గెలుపులో 50 శాతం వాటాను పదిమందికి ఐదేసి శాతం చొప్పున అమ్ముతాడనుకుందాం. అసలు ధరకే అమ్మితే ఒక్కొక్కరు 500 డాలర్లు చెల్లించాలి. ఆటగాడు మిగిలిన 5 వేల డాలర్లు సొంతంగా వేసుకుంటాడు. లక్ష డాలర్లు గెలిస్తే ఐదు శాతం వాటాదారుకు 5 వేల డాలర్లు వస్తాయి. ఓడిపోతే వాటాదారు 500 డాలర్లు పోయినట్టే. వాటిని ఆటగాడు తిరిగి ఇవ్వనక్కరలేదు.

పేరున్న ఆటగాళ్లు అసలు ధరకు అమ్మరు. తమ నైపుణ్యానికి కొంత అదనంగా వేసుకుంటారు. దీనిని మార్కప్ అంటారు. 1.2 మార్కప్ అంటే నూరు రూపాయల వాటాను 120 రూపాయలకు అమ్మడం. పై ఉదాహరణలో ఐదు శాతానికి 500 డాలర్లకు బదులు 600 డాలర్లు చెల్లించాలి. సగం వాటా అమ్మిన ఆటగాడికి 6 వేల డాలర్లు చేతికొస్తాయి. అంటే 4 వేలు మాత్రమే సొంతంగా వేసుకుని, గెలుపులో 50 శాతం తన వద్ద ఉంచుకుంటాడు. అదనంగా వచ్చిన వెయ్యి డాలర్లు అతడి శ్రమకు ముందస్తు కూలి వంటివి.

కొనేవారు గమనించాల్సిన సంగతి ఒకటి ఉంది. 1.2 ధరకు వాటా కొన్నవారికి లాభం రావాలంటే ఆ ఆటగాడు దీర్ఘకాలంలో కట్టిన ప్రతి నూరు రూపాయలకు సగటున 120 రూపాయలకు మించి సంపాదించగలగాలి. అంతకు తగ్గితే ఆటగాడికి లాభం వచ్చినా వాటాదారు నష్టపోతాడు. ఒకటి రెండు గెలుపులు చూసి ఈ సగటును తేల్చలేం. వందలాది పోటీల చిట్టా పరిశీలిస్తే తప్ప నైపుణ్యమేదో, అదృష్టమేదో బయటపడదు.

‘మేకప్’ అసలు మెలిక

ఎక్కువ కాలం సాగే ఒప్పందాల్లో బ్యాకరే రుసుములన్నీ భరిస్తాడు. లాభాన్ని ఇద్దరూ పంచుకుంటారు. చెరి సగం అన్నది ఎక్కువగా వినిపించే నిష్పత్తి. ఇక్కడే ‘మేకప్’ అనే మాట వస్తుంది. ఇది ముఖానికి పూసుకునే రంగు కాదు. ఆటగాడి ఖాతాలో పేరుకున్న పాత నష్టం. కొత్తగా వచ్చిన గెలుపులో ముందుగా ఈ పాత నష్టాన్ని పూడ్చిన తరువాతే పంపకం మొదలవుతుంది.

ఉదాహరణకు 10 వేల రూపాయల రుసుముతో పది పోటీలు ఆడి, ఒక్కదానిలోనూ బహుమతి రాలేదనుకుందాం. బ్యాకర్ పెట్టిన లక్ష రూపాయలు మేకప్‌గా నమోదవుతాయి. పదకొండో పోటీలో లక్షన్నర బహుమతి వచ్చింది. ఆ పోటీ రుసుముతో కలిపి 1.10 లక్షలు ముందుగా బ్యాకర్‌కు చేరతాయి. మిగిలిన 40 వేలు చెరి సగం. ఆటగాడికి దక్కేది 20 వేలు. బ్యాకర్‌కు మొత్తం 1.30 లక్షలు వస్తాయి. అతడి నికర లాభం కూడా 20 వేలే.

మేకప్ నిబంధన లేకుంటే ఏమయ్యేది? పదకొండో పోటీ రుసుము 10 వేలు తీసివేసి 1.40 లక్షలను పంచుకుంటే చెరి 70 వేలు వస్తాయి. ఆటగాడికి 70 వేలు మిగులుతాయి. 1.10 లక్షలు పెట్టిన బ్యాకర్‌కు మాత్రం 80 వేలే తిరిగొచ్చి, 30 వేలు నష్టం మిగులుతుంది. గెలిచిన రోజు పంపకం, ఓడిన రోజు మొండిచేయి అయితే డబ్బు పెట్టేవారు ముందుకు రారు. అందుకే మేకప్ పుట్టింది.

అయితే ఈ నిబంధనే ఒప్పందాన్ని పాడుచేసే సందర్భాలూ ఉంటాయి. పాత నష్టం లక్షల్లోకి చేరిన ఆటగాడు ఎంత గెలిచినా చేతికి చిల్లిగవ్వ రాదు. ఆ స్థితిలో కొందరు నిరుత్సాహంతో నిర్లక్ష్యంగా ఆడతారు. కొందరు బ్యాకర్‌కు తెలియకుండా వేరేచోట సొంతంగా ఆడతారు. మరికొందరు ఒప్పందం వదిలేసి వెళ్లిపోతారు. సాధారణంగా బ్యాకరే ఒప్పందం రద్దు చేస్తే పాత నష్టం చెల్లిపోయినట్టు, ఆటగాడు తనంతట తాను వైదొలగితే దానిని తీర్చి వెళ్లాలని రాసుకుంటారు. ఈ ఒక్క వాక్యం రాసుకోకపోవడంతో తలెత్తే తగవులే ఎక్కువ.

ఆటగాళ్ల మధ్య మార్పిడి

డబ్బు చేతులు మారకుండానే వాటాలు మారే పద్ధతి మరొకటి ఉంది. ఒకే పోటీకి వెళ్లే ఇద్దరు మిత్రులు ఒకరి గెలుపులో ఐదు శాతం మరొకరికి ఇచ్చుకునేలా మాట అనుకుంటారు. దీనిని స్వాప్ అంటారు. ఒకరు ఓడినా మరొకరి గెలుపు కొంత ఆసరాగా ఉంటుందన్నది ఉద్దేశం. చిక్కల్లా ఆ ఇద్దరూ ఒకే బల్ల ముందుకు వచ్చినప్పుడు వస్తుంది. ఎదుటివాడి గెలుపులో తనకూ వాటా ఉన్నందున మెతగ్గా ఆడాలన్న ఆశ కలగవచ్చు. అలా ఒకరినొకరు కాపాడుకుంటూ ఆడటం పోటీ నిబంధనలకు విరుద్ధం. వాటా ఉండటం తప్పు కాదు. ఆ వాటా కోసం ఆట మార్చడమే తప్పు.

రెండు గెలుపులు.. రెండు పాఠాలు

ఈ ఏర్పాట్లలో నమ్మకం ఎలా నిలుస్తుందో, ఎలా కోర్టుకెక్కుతుందో తెలిపే ఉదంతాలు పోకర్ చరిత్రలోనే ఉన్నాయి.

స్టూ ఉంగర్ 1980, 1981లలో వరుసగా ప్రపంచ విజేతగా నిలిచిన ఆటగాడు. తరువాత మాదకద్రవ్యాల వ్యసనంతో సర్వం పోగొట్టుకున్నారు. 1990లో బిల్లీ బాక్స్‌టర్ అనే జూదరి ఆయనకు ప్రవేశ రుసుము కట్టారు. పోటీ మధ్యలో ఉంగర్ హోటల్ గదిలో ఆడలేని స్థితిలో పడిపోయారు. అప్పటికే కూడబెట్టిన చిప్స్ బలంతో ఆయన కుర్చీ ఖాళీగా ఉన్నా తొమ్మిదో స్థానం దక్కింది. 1997లో అదే బాక్స్‌టర్ మళ్లీ 10 వేల డాలర్లు కట్టారు. ఈసారి ఉంగర్ మూడోసారి విజేతగా నిలిచి 10 లక్షల డాలర్లు గెలిచారు. ముందు అనుకున్న ప్రకారం ఇద్దరూ చెరి 5 లక్షలు పంచుకున్నారు. ఏ తగవూ రాలేదు. అయినా ఆ సొమ్ము ఉంగర్ వద్ద నిలవలేదు. 1998 నవంబరులో లాస్ వేగాస్‌లోని ఓ మోటల్ గదిలో ఆయన మరణించారు. పెట్టుబడి పెట్టేవాడు ఆటకు సొమ్మివ్వగలడు గానీ ఆటగాడి జీవితాన్ని నిలబెట్టలేడని ఈ ఉదంతం చెబుతోంది.

రెండోది 2006 నాటిది. ఆ ఏడాది ప్రధాన పోటీలో 8,773 మంది పాల్గొనగా జేమీ గోల్డ్ విజేతగా నిలిచారు. బహుమతి కోటీ 20 లక్షల డాలర్లు. వెంటనే క్రిస్పిన్ లేజర్ అనే టెలివిజన్ నిర్మాత అందులో సగం తనదేనంటూ నెవాడా కోర్టును ఆశ్రయించారు. ఓ సంస్థ తరఫున గోల్డ్ ఆడేందుకు, పోటీకి ప్రముఖులను రప్పించే పనిలో తాను సాయపడ్డానని, అందుకు ప్రతిఫలంగా సగం ఇస్తానన్నారని వాదించారు. గోల్డ్ ఫోనులో వదిలిన సందేశం ఈ కేసులో కీలకమైంది. వివాదంలో ఉన్న సగం సొమ్మును కోర్టు కొంతకాలం నిలిపి ఉంచింది. 2007లో ఇద్దరూ కోర్టు బయట రాజీ పడ్డారు. నోటిమాటతో మొదలైన వాటా 60 లక్షల డాలర్ల వివాదంగా మారింది. మొదటే ఒక కాగితంపై నాలుగు వాక్యాలు రాసుకుని ఉంటే ఇంత దూరం వచ్చేది కాదేమో.

పన్ను ఎవరి ఖాతాలో?

బహుమతి ఆటగాడి పేరు మీదే వస్తుంది. పన్ను కోత కూడా అతడి పేరు మీదే పడుతుంది. అందుకే పన్నుకు ముందు పంపకమా, తరువాతా అన్నది ముందుగానే తేల్చుకోవాలి. అమెరికాలో గెలుపును పలువురు పంచుకున్నప్పుడు ఎవరి వాటా ఎంతో తెలిపేందుకు అక్కడి పన్ను శాఖ ప్రత్యేక పత్రాన్నే ఏర్పాటు చేసింది. మన దేశంలో పేకాట గెలుపులపై 30 శాతం ఆదాయపు పన్ను ఉంది. కాసినో వంటి చోట్ల గెలిచిన సొమ్ము నుంచి, వేరే రోజు ఓడిన సొమ్మును తీసివేసి చూపేందుకు వీల్లేదు. లక్ష గెలిచి, మరో నాడు లక్ష పోగొట్టుకున్న వ్యక్తికి చేతిలో ఏమీ మిగలకపోయినా పన్ను మాత్రం మిగులుతుంది. మేకప్ లెక్కలతో సాగే ఒప్పందాలకు ఇది పెద్ద గుదిబండ.

పన్ను విషయంలోనూ బిల్లీ బాక్స్‌టర్ పేరు చరిత్రకెక్కింది. పోకర్‌లో గెలిచింది అప్పనంగా వచ్చిన ఆదాయం కాదని, తన శ్రమతో సంపాదించినదేనని ఆయన అమెరికా ప్రభుత్వంపై కేసు వేసి 1986లో నెగ్గారు.

చట్టం ఏమంటోంది?

1872 నాటి భారత కాంట్రాక్టు చట్టంలోని 30వ సెక్షన్ ప్రకారం పందెం ఒప్పందాలు చెల్లవు. పందెంలో గెలిచిన సొమ్ము ఇప్పించాలని కోర్టుకు వెళ్లేందుకు వీలుండదు. అయితే పందేలు కట్టేందుకు ఇద్దరు కలిసి పెట్టుకున్న భాగస్వామ్యం మాటేమిటన్న ప్రశ్న సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. ఉత్తరప్రదేశ్‌లోని హాపూర్ వ్యాపారులతో పందేలు కట్టి నష్టపోయిన ఇద్దరు భాగస్వాముల వివాదమది. నష్టంలో తన వాటా ఇవ్వనని ఒకరు మొండికేశారు. 1959లో వెలువడిన ఈ తీర్పును రాసింది రాజమండ్రిలో జన్మించి, తదుపరి కాలంలో భారత ప్రధాన న్యాయమూర్తి అయిన జస్టిస్ కోకా సుబ్బారావు. పందెం చెల్లకపోవచ్చు గానీ చట్టం దానిని నిషేధించనంత వరకు దాని కోసం పెట్టుకున్న భాగస్వామ్యం చట్టవిరుద్ధం కాదని ఆయన తేల్చారు. నష్టంలో వాటా చెల్లించాల్సిందేనన్నారు.

ఈ తీర్పు చూసి ధైర్యపడితే పొరపాటే. ‘చట్టం నిషేధించనంత వరకు’ అన్నదే ఇక్కడ కీలకం. పదమూడు ముక్కల రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో కూడినదని సికింద్రాబాద్ క్లబ్బు కేసులో సుప్రీంకోర్టు 1967లో పేర్కొంది. పోకర్ విషయంలో అంత స్పష్టత రాలేదు. పశ్చిమ బెంగాల్ చట్టం పోకర్‌ను జూదం నిర్వచనం నుంచి మినహాయించింది. గుజరాత్ హైకోర్టు 2017లో దానిని జూదంగానే పరిగణించింది. గోవాలో అనుమతి పొందిన కాసినోల్లో ఆడతారు. మన రెండు రాష్ట్రాల సంగతికొస్తే డబ్బు పందేలతో ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో జూద నిరోధక చట్టాల పరిధిలోకి తెచ్చాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ వర్తించేలా ఆన్‌లైన్ డబ్బు ఆటలను నిషేధిస్తూ చట్టం చేసింది. ఆడినవారికి ఇందులో శిక్ష లేదు. నడిపేవారికి, ప్రచారం చేసేవారికి, చెల్లింపులు జరిపేవారికి జైలు, జరిమానాలు ఉన్నాయి. నిషేధం ఉన్నచోట దాని కోసం పెట్టిన పెట్టుబడికి, రాసుకున్న వాటా పత్రానికి కోర్టు అండ దొరకదు.

వాటా వేరు.. అప్పు వేరు

ఇంతవరకు చెప్పిన ఏర్పాట్లన్నింటిలో ఒక సూత్రం ఉంది. ఓడితే డబ్బు పెట్టినవాడిదే నష్టం. ఆటగాడి ఇల్లు, పొలం జోలికి ఆ నష్టం రాదు. ఆటగాడు ఒప్పందంలో కొనసాగినంత కాలం మేకప్ కూడా భవిష్యత్తు గెలుపు నుంచి తీరాల్సినదే తప్ప జేబులోంచి కట్టాల్సినది కాదు. వాటా ఒప్పందాన్ని అప్పు నుంచి వేరు చేసే గీత ఇదే.

‘పెట్టుబడి పెడతాం’ అంటూనే ప్రామిసరీ నోటుపై సంతకం అడిగితే ఆ గీత చెరిగిపోయినట్టే. నోటులో ఆట ప్రస్తావన ఉండదు. అక్కరకు అప్పు తీసుకున్నట్టు మాత్రమే ఉంటుంది. సంతకం తనదేనని తేలితే ప్రతిఫలం ముట్టినట్టుగానే చట్టం ముందుగా భావిస్తుంది. కాదని రుజువు చేసుకోవాల్సిన భారం సంతకం చేసినవాడిపైనే పడుతుంది. నూటికి మూడు రూపాయల వడ్డీ అయితే లక్షకు ఏడాదికి 36 వేలు. గెలిస్తే వాటా పట్టుకుపోయి, ఓడితే నోటు చూపించే వ్యక్తి బ్యాకర్ కాడు. రెండు వైపులా పదునున్న కత్తి పట్టుకున్న వడ్డీ వ్యాపారి. ఆ నోటుకు జవాబు చెప్పుకోవాల్సి వచ్చేది చివరకు కుటుంబమే.

రెండో వైపు నుంచి చూసినా ఇంతే. ఆటగాళ్లపై పెట్టుబడి పెడితే నెలనెలా ఇంత శాతం ఖాయంగా ఇస్తామని ఎవరైనా చెబితే అక్కడే అనుమానించాలి. లాస్ వేగాస్‌లో పేరుమోసిన ఆటగాడు కూడా వచ్చే నెల గెలుస్తానని హామీ ఇవ్వలేడు. ఖాయమైన రాబడి చూపి జనం వద్ద సొమ్ము సేకరించడం, దానికి తగిన అనుమతి లేకుంటే 2019 నాటి అక్రమ డిపాజిట్ల నిషేధ చట్టం కింద నేరం.

అనుమతి ఉన్న దేశాల్లో ఒప్పందం చేసుకునేవారు ఐదు విషయాలు కాగితంపై ఉండేలా చూసుకుంటారు. ఏ పోటీలకు, ఎంత సొమ్ము అన్నది మొదటిది. ఎవరి వాటా ఎంత, మార్కప్ ఎంత అన్నది రెండోది. పాత నష్టం ఎలా లెక్కిస్తారు, ఎప్పుడు చెల్లిపోతుంది అన్నది మూడోది. పన్ను ఎవరు కడతారన్నది నాలుగోది. ఒప్పందం ఎలా ముగుస్తుందన్నది ఐదోది. వీటిలో ఏ ఒక్కటి నోటిమాటగా మిగిలినా గెలిచిన రోజే తగవు మొదలవుతుంది.

మన ప్రాంతంలో మాత్రం ఆ కాగితం కన్నా ముందు వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటుంది. ఓడితే పోయేది ఎవరి సొమ్ము? దీనికి తడబడకుండా జవాబు రాకపోతే, ఆ సంతకం పెట్టకపోవడమే మేలు.